సగము ధరకు సముద్రయానము

దసరా సమీపించిన దనిన మా మంచిర్యాలలో రెండు తప్పక వచ్చును. ఒకటి, సింగరేణి కార్మికుల యిండ్లకు లాభములో వాటా. రెండవది, ఆ వాటాను వెదకికొనుచు వచ్చు ప్రకటనలు. 2024 దసరాకు సంస్థవారు లాభములో కొంత విస్తరణకై తీసియుంచి, మిగిలినదానిలో 33 శాతము కార్మికులకు పంచిరి. అట్టి దినములలోనే మా పొరుగింటి సోదరి చేతిలో ఫోనుతో పరుగున వచ్చినది.

"సముద్రంల ఓడ ప్రయాణమట వదినా, సగం ధరకే ఇస్తున్నరట! ఈ రాత్రి దాటితే మల్ల దొరకదట!"

ఆమె భర్త ముప్పదియేండ్లు భూగర్భమున బొగ్గు త్రవ్వినవాడు. మరుసటి యేట విరమింపనున్నాడు. ఆమె సముద్రమును చూచి యెఱుగదు. కావున ఆ కోరిక నవ్వదగినది కాదు. ఆ ధనమును నవ్వుచు సంపాదించినది కాదు.

విహారనౌక లిప్పుడు మనకు మునుపటియంత దూరము కావు. 2022 జూనులో విశాఖపట్టణమునుండి చెన్నపట్టణమునకు అట్టి నౌక నడిచెను. 2023 సెప్టెంబరులో విశాఖరేవున విహారనౌకలకై ప్రత్యేకముగ టెర్మినలు కట్టి తెరచిరి. నౌకతోబాటు ప్రకటనలును మన వాకిళ్లకు వచ్చినవి.

మేమా ప్రకటనను ముందుంచుకొని కాగితముపై లెక్క వేసితిమి. వామనుడు బలియెదుట పొట్టివాడై నిలిచి, దానము చేజిక్కిన పిమ్మట మిన్నుముట్టిన కథ భాగవతమున మనమందరము చదివినదే. ఈ ధరయు నట్టిదే. పెద్ద యక్షరములలోని మొత్తము ఒక్కరికి. అదియు ఒక గదిలో ఇరువు రున్నప్పుడు. అదియు కిటికీ లేని లోపలి గదికి. ఒంటరిగా పోవువారు రమారమి ఇరువురి సొమ్మును చెల్లింపవలసి వచ్చును. రేవు రుసుములు, పన్నులు, సేవకుల బక్షీసు, బీమా అనునవి తరువాత నొక్కొక్కటిగ తల యెత్తును. పిల్లలకు ఉచితమనినచోటను ఈ రుసుములు తరచుగ పిల్లలకును పడును.

ఉదాహరణమునకు, తలకు 20,000 రూపాయల చార్జీయు, 8,000 రూపాయల రుసుములును అనుకొందము. "రెండవవారికి సగము" అను తగ్గింపు చార్జీకే గాని రుసుములకు లేదు. తగ్గింపు లేనిచో ఇరువురికి 56,000, ఉన్నచో 46,000. మిగిలినది పదివేలు. పదివేలు చిన్న సొమ్మని మేమనము. కాని అది సగము కాదు, మొత్తములో అయిదవ వంతైనను కాదు. ఇక మంచిర్యాలనుండి కాజీపేట, బెజవాడల మీదుగా విశాఖకు రైలు, అచ్చట ఒక రాత్రి బస, తిరుగుదారి ఉండనే యున్నవి.

అట్లని తగ్గింపులన్నియు బొంకులని చెప్పుటయు న్యాయము కాదు. నౌక రేవు విడిచిన పిదప ఖాళీగది కాసైన తేదు. ఆ గదిలో ఎవరినైన చేర్చుకొన్నచో వారు పానీయములకు, జూదమునకు, రేవులలోని విహారములకు వేరుగ వెచ్చింతురు. కావున జనము రాని నెలలలో ధర నిజముగనే దిగును. ఆ లాభము తేదీ తన చేతిలో నున్నవారిది. బడి సెలవులకు కట్టుబడిన మావంటి పంతులుగారి యిండ్లకు అది దక్కుట అరుదు. అందరికి సెలవు వచ్చినప్పుడే మాకును సెలవు.

ఆ రాత్రి కొనవలదని మేము పొరుగు సోదరిని బ్రతిమాలితిమి. ఆమె రెండు దినములు మాతో మాటలాడలేదు. పదవనాడు ఆ ప్రకటనయే మరల వచ్చెను: "నేడే ఆఖరు!" సగము సగముగనే యున్నది, అన్నియు కలిపిన మొత్తము మాత్రము నాలుగువందలు హెచ్చినది. అమెరికాలోను జనవరి మొదలు మార్చి వరకు ఏటేట ఇట్టి అమ్మకములు సాగును. వానిని "అలల ఋతువు" అందురు. ఏటేట వచ్చుదానికి "ఆఖరు" అను మాట యేల?

ఈ తొందరపెట్టుట మన చట్టమునకు తెలియనిది కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2023 నవంబరు 30న వెలువడిన నియమములు పదమూడు మోసపు పద్ధతులను నిషేధించినవి. లేని గడువు చూపి త్వరపెట్టుటయు, ధరను ముక్కలుగ చేసి చివర కలుపుటయు అందులో నున్నవి. ఫిర్యాదు చేయదలచినవారు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. కాలిఫోర్నియాలో 2024 జూలై 1నుండి రుసుములను దాచి ధర చూపుట చెల్లదను చట్టము వచ్చుటతో, అచ్చటి పెద్ద నౌకా కంపెనీలు రేవు రుసుములు కలిపిన మొత్తమునే ముందుగ చూపసాగినవి.

మా సోదరి ప్రయాణము మానుకొనలేదు. భర్త విరమించిన తరువాత తేదీ వారి చేతిలోనిదే గదా! అందాక పాలలెక్క పుస్తకము చివరిపుటలో నెలకొకమారు, రుసుములతో కూడ ఇరువురి పూర్తి మొత్తమును వ్రాయుచున్నది. ఇప్పటికి మూడు వరుసలైనవి. మూడవది మొదటిదానికంటె తక్కువ. ఆ నెల ఏ ప్రకటనయు రాలేదు.