పలక పట్టే ముందు: ఇంటి సామానుతోనే చిన్నపిల్లల చదువు



ప్రతి ఏటా మన సంచికలో ఫీజుల సాయం గురించి, ఉపకార వేతనాల గురించి, పుస్తకాల పంపిణీ గురించి చదువుతూనే ఉన్నాం. అవన్నీ బడిలో చేరిన పిల్లల కోసం. ఈసారి అంతకన్నా ముందు వయసు గురించి, అంటే 3 నుంచి 6 ఏళ్ల లోపు పిల్లల గురించి రాస్తున్నాను. ఈ పిల్లలకు మార్కుల జాబితా ఉండదు. చాలామందికి ఫీజు రసీదు కూడా ఉండదు. అందుకే వీళ్ల కోసం మన దగ్గరికి దరఖాస్తు రాదు. కానీ పదో తరగతిలో కనబడే తేడాకు పునాది ఈ వయసులోనే పడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇదే చెప్పింది. పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని, కాబట్టి చదువు లెక్క మూడో ఏట నుంచే మొదలు కావాలని అందులో రాశారు.

మన ఊరి పలక

మార్కాపురం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది పలక. ఇక్కడి నేలలోంచి తీసిన నల్లరాయిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి దేశమంతా పంపారు. ఎక్కడెక్కడి పిల్లలో మన రాతి మీద అక్షరాలు దిద్దారు.

ఇందులో మనం మరిచిపోకూడని సంగతి ఒకటుంది. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టును మొదలుపెట్టింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు వంటి పరిశ్రమలతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఆ తొలి జాబితాలో చేరింది. అంటే ఎవరో పిల్లలు రాసుకోబోయే పలకను తయారుచేసిన చేతుల్లో, పలక పట్టి దిద్దుకోవాల్సిన వయసు చేతులు కూడా ఉన్నాయన్నమాట. ఆ తర్వాత రోజులు చాలా మారాయి. ఈ రోజు పిల్లల్ని బడికి పంపని తల్లి మన వాడల్లో అరుదు. కాబట్టి ఇప్పుడు అడగాల్సింది బడికి వెళ్తున్నారా అని కాదు, బడికి సిద్ధమై వెళ్తున్నారా అని.

పెన్సిల్‌కు తొందరెందుకు?

మన ఇళ్లలో నాలుగేళ్ల, నాలుగు నెలల, నాలుగు రోజులకు పిల్లలకు బిస్మిల్లా చేయించే ఆచారం తరతరాలుగా ఉంది. పెద్దలు ఆ వయసును ఊరికే ఎంచుకోలేదనిపిస్తుంది. ఇప్పుడు మనం అంతదాకా ఆగడం లేదు. మూడేళ్లు నిండగానే నర్సరీలో వేసి, నెల తిరక్కుండానే 'మావాడు ఏబీసీడీ రాస్తున్నాడా?' అని అడుగుతున్నాం.

ఆ వయసు పిల్లల మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి సన్నని వస్తువును పట్టే బలం కూడా అప్పుడే రాదు. ఆ వేళ్లకు పెన్సిల్ ఇచ్చి పేజీలు నింపమంటే పిల్లవాడు పిడికిలితో పట్టుకుంటాడు, చేయి నొప్పి పుడుతుంది, ఏడుస్తాడు. చదువంటే నొప్పి అని వాడు నేర్చుకునే మొదటి పాఠం అదే. అదే వేళ్లు ముందు గింజలు ఏరి, పిండి పిసికి, గుండీలు పెట్టి ఉంటే పెన్సిల్ దానంతట అదే నిలుస్తుంది.

రెండో ఇబ్బంది భాష. మన ఇళ్లలో కొందరిది ఉర్దూ. నూర్‌బాషా కుటుంబాల్లో ఎక్కువగా తెలుగు. అంగన్‌వాడీలో తెలుగు, ప్రైవేటు నర్సరీలో ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబీ అక్షరాలు. పసివాడి మీద ఇన్ని ఒకేసారి పడతాయి. చేతిలో ఐదు చింతపిక్కలు పెట్టి లెక్కపెట్టిస్తే ఈ బరువు తగ్గుతుంది. 'పాంచ్' అన్నా, 'ఐదు' అన్నా, 'ఫైవ్' అన్నా ఆ చేతిలో ఉన్నవి అవే. ఐదంటే ఎంతో చేతికి ఒకసారి తెలిస్తే, పేరు ఎన్ని భాషల్లోనైనా తర్వాత నేర్చుకోవచ్చు. అందుకే ఇంట్లో ఏ భాష ఉంటే ఆ భాషలోనే మొదలుపెట్టాలి.

ఇది కొత్త మాట కాదు

చేతులతో చేయిస్తూ నేర్పడం ఇవాళ పుట్టిన పద్ధతి కాదు. మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ 1907లో రోమ్ నగరంలో కూలివాళ్ల పిల్లల కోసం ఒక బాలగృహం తెరిచారు. పిల్లలు వస్తువును పట్టుకుని, పేర్చి, తప్పు జరిగితే తామే గమనించి సరిచేసుకునేలా సామాను తయారుచేశారు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లోనే భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ పల్లెకు వెళ్లారు. ఖరీదైన సామాను పల్లెకు సరిపడదని, ఊళ్లో దొరికే వస్తువులతోనే బాలవాడీ నడిపారు. పిల్లలు రాలేకపోతే బడినే వాళ్ల వాడలోని ముంగిట్లోకి తీసుకెళ్లారు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. దాని కింద నడిచే కేంద్రాలనే మనం అంగన్‌వాడీ అంటున్నాం. ఆ మాటకు అర్థం కూడా ముంగిలే. 2023లో కేంద్రం 'జాదూయీ పిటారా' పేరుతో 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటవస్తువుల పెట్టెను రూపొందించింది.

అలాంటి పెట్టెకు కావలసిన సామానులో ఎక్కువ భాగం మన వంటింట్లో, పెరట్లో ఇప్పటికే ఉంది.

ఏమేం చేయించవచ్చు?

ఏరడం: చేటలో గుప్పెడు కందులు, గుప్పెడు జొన్నలు, పది చింతపిక్కలు కలిపి, మూడు గిన్నెలు పక్కన పెట్టి దేనికది ఏరమనాలి. కళ్లు తేడా పట్టడం, వేళ్లు పట్టు నేర్చుకోవడం ఒకేసారి జరుగుతాయి. ఏరిన గింజలు కడిగి మళ్లీ వంటకే వాడుకోవచ్చు, వృథా ఉండదు. ఒకసారి మా వీధిలో ఒక నానీ మనవడి చేత ఇలాగే ఏరిస్తూ కనబడ్డారు. "మంచి పని నేర్పుతున్నారమ్మా" అన్నాను. "నేర్పేదేముంది సార్, నా వంటయ్యేదాకా వాడు ఊరుకోవాలి గదా!" అన్నారు. తాను పాఠం చెబుతున్నానని ఆమెకు తెలియదు. ఆ మాట ఆమెకు తెలియజేయడమే ఈ వ్యాసం పని.

పోయడం: చెంబులోంచి గ్లాసులోకి ముందు బియ్యం, కుదిరాక నీళ్లు. కింద పళ్లెం పెడితే ఒలికినా ఫరవాలేదు. చెంబు నిండా ఉంటే ఎన్ని గ్లాసులవుతాయో వాడే కనిపెడతాడు. కొలతల పాఠానికి ఇది మొదలు.

గలగల డబ్బాలు: ఆరు ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకుని రెండింటిలో సజ్జలు, రెండింటిలో చింతపిక్కలు, రెండింటిలో ఇసుక వేసి కాగితం అతికించాలి. ఊపి, విని, ఒకే చప్పుడున్న జంటలు కలపాలి. చెవి చప్పుళ్లను విడదీయడం నేర్చుకుంటే, రేపు 'ప'కు 'బ'కు, 'త'కు 'ద'కు తేడా సులువుగా పడుతుంది.

తడిమే సంచి: పాత గుడ్డతో కుట్టిన సంచిలో చెంచా, గుండీ, తాళంచెవి, నున్నటి రాయి, దూది ఉండ వేయాలి. చూడకుండా చేయి పెట్టి ఏమిటో చెప్పాలి. 'గరుకు', 'మెత్తన', 'చల్లగా', 'బరువు' వంటి మాటలు ఇలా వస్తాయి.

పిండి, మట్టి: రొట్టెల పిండిలో చిన్న ముద్ద ఇచ్చి పాములా పొడుగ్గా చేయమనాలి. ఆ పాము నిటారుగా ఉంటే అలిఫ్, వంచి చుడితే సున్నా. ఆ సున్నాలోంచే మన తెలుగు అక్షరాల గుండ్రదనం వస్తుంది. చివరికి ఆ పిండితో చిన్న రొట్టె కాల్చి వాడికే పెడితే సంబరం. కంభం, గిద్దలూరు వైపు పల్లెల్లో చెరువు బంకమట్టి దొరుకుతుంది, బొమ్మలకు అంతకన్నా మంచిది లేదు.

నీటి రాత: పాత పలక మీద బలపం బదులు తడి వేలితో గీతలు, సున్నాలు గీయించాలి. ఆరితే మాయమవుతుంది. తప్పు మిగిలిపోదు, భయం ఉండదు.

గుండీల చొక్కా: చిరిగిన చొక్కా ముందు భాగాన్ని దిండు గలీబుకు తొడిగి గుండీలు పెట్టడం, తీయడం చేయించాలి. వారం రోజుల్లో తన చొక్కా తానే వేసుకుంటాడు.

పంచడం: ఇఫ్తార్ వేళ పళ్లేలు పరిచి, 'ఒక్కొక్కరికి ఒక్కో ఖర్జూరం పెట్టు' అని పిల్లకు అప్పగించండి. మనిషికొకటి చొప్పున సరిపోల్చడమే లెక్కలకు మూలం. ఒకరికి తక్కువైతే తానే గమనిస్తుంది. రమజాను నెలంతా రోజూ చంద్రుణ్ణి చూపించి, కనిపించిన ఆకారం పలక మీద గీయించడం కూడా మంచి పాఠమే.

మన పాత ఆటలు: వామనగుంటలు, అష్టాచెమ్మా, పలక ముక్కతో తొక్కుడు బిళ్ల. ఐదేళ్లు దాటిన పిల్లలకు లెక్క, వంతు, ఓర్పు నేర్పేవి ఇవే.

ఎలా మాట్లాడాలి?

మూడు మెట్లు చాలు. ముందు మనం చెప్పాలి: 'ఇది పెద్దది, ఇది చిన్నది.' తర్వాత అడగాలి: 'పెద్దది ఏది, చూపించు.' బాగా వచ్చాకే చివరి ప్రశ్న: 'ఇది ఎలాంటిది?' తప్పు చెబితే కసరకుండా మొదటి మెట్టుకు తిరిగి వెళ్లాలి. ఒకే పని పదిసార్లు చేస్తానంటే ఆపకూడదు. మనకు విసుగైనా వాడికి అది సాధన. రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. సెల్‌ఫోన్ పక్కన పెట్టి కూర్చోవాలి, అంతే.

జాగ్రత్తలు

మూడేళ్ల లోపు పిల్లలకు గింజలు, గుండీలు ఇవ్వకూడదు. నోట్లో, ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. పెద్ద పిల్లలకైనా లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవాలి, మనిషి పక్కనే ఉండాలి. గురివింద గింజలు చూడడానికి అందంగా ఉంటాయి కానీ విషం. ఆముదం గింజలు మన పొలాల్లో దొరుకుతాయి, అవీ విషమే. ఉమ్మెత్త కాయ కూడా అంతే. ఈ మూడూ పిల్లల దరిదాపుల్లో ఉండకూడదు. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా ఆటకు పనికిరావు. చిన్న గుండ్రటి బ్యాటరీలున్న బొమ్మలు మింగితే ప్రాణాపాయం. పలక ముక్కల్ని అంచులు నునుపుగా ఉన్నవే ఏరి, కడిగి ఇవ్వాలి. ఇంట్లో అరగదీయవద్దు, ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తులకు ఎంత చేటో పలకల పనిచేసిన కుటుంబాలకు చెప్పనక్కర లేదు. బలపం తినే పిల్లలుంటే మందలించి వదిలేయకుండా డాక్టరుకు చూపించాలి, రక్తహీనత ఉండవచ్చు.

దాతలు ఏం చేయవచ్చు?

సామానుకు ఖర్చు లేదన్నప్పుడు దాతల అవసరమేమిటని అడగవచ్చు. పొద్దున్నే కూలికి వెళ్లి మాపటికి వచ్చే తల్లికి లేనిది సామాను కాదు, తీరిక. బిడ్డ నానీ దగ్గరో, అక్క దగ్గరో ఉంటాడు. చూసుకునే ఆ మనిషికి నాలుగు పనులు చూపించేవాళ్లు కావాలి.

అందుకు నా మనవి ఇది. వాడకొక పెట్టె పెడదాం. మూత ఉన్న గట్టి డబ్బా, మూడు గిన్నెలు, రెండు చెంబులు, చాప, పలకలు, కుట్టిన సంచులు, ఏ పని ఎలా చేయించాలో తెలుగులో, ఉర్దూలో బొమ్మలతో రాసిన అట్టలు అందులో ఉండాలి. మన వాడల్లో పదో తరగతి, ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలున్నారు. వారికి కొద్ది రోజుల శిక్షణ, నెలకు గౌరవ వేతనం ఇస్తే వారంలో రెండు మధ్యాహ్నాలు తల్లుల్నీ, నానీల్నీ, పిల్లల్నీ కూర్చోబెట్టగలరు. ఇది అంగన్‌వాడీకి పోటీ కాకూడదు. అక్కడ పౌష్టికాహారం, టీకాలు, తూకం అన్నీ ఉన్నాయి. ఆ టీచరమ్మను కలుపుకుని, పిల్లల్ని అక్కడికి పంపుతూనే ఇది చేయాలి.

ఒక విన్నపం కూడా ఉంది. పండగకు పిల్లలకు ప్లాస్టిక్ బొమ్మలు పంచే దాతలు ఉన్నారు, వారి మనసు గొప్పది. కానీ మీట నొక్కితే పాడే బొమ్మ దగ్గర పిల్లవాడు ఊరికే చూస్తూ కూర్చుంటాడు. అదే డబ్బు ఒక శిక్షకురాలి వేతనానికి మళ్లిస్తే ఒక వాడ పిల్లలందరి చేతులకూ పని దొరుకుతుంది.

ఒకప్పుడు ఈ ఊళ్లో చిన్న చేతులు పలకలు చేశాయి. ఇప్పుడున్న చిన్న చేతులు పలక పట్టే రోజుకు, నొప్పి లేకుండా, ఇష్టంతో పట్టేలా చేయడం మన బాధ్యత. అల్లాహ్ మన సంకల్పాలను స్వీకరించి, మన పసిబిడ్డల చదువులో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.