నాన్సీ ఆంటీ, నేను, నెలాఖరు ఈఎంఐ

పోయినేడాది ఎండాకాలంలో 71 రోజుల పాటు నాది ఒకటే డ్యూటీ. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఐడీ కార్డు తగిలించుకుని అమ్మకు వీడియో కాల్ చేయడం. కాల్ కట్ అవ్వగానే కార్డు డ్రాయర్‌లోకి, నేను మంచం మీదకి. ఆ కార్డు కూడా అంతకుముందు చేసిన కంపెనీది. లేఆఫ్ రోజున అసలు కార్డు తీసేసుకున్నారు. ట్యాగ్ రంగు మారిందని అమ్మ ఎక్కడ కనిపెడుతుందోనని కెమెరా కాస్త పైకి పెట్టేవాణ్ణి.

అప్పుడే ‘వీడ్స్’ చూడడం మొదలుపెట్టా. కొత్తదేం కాదు. 2005 నుంచి 2012 దాకా అమెరికాలో షోటైమ్ ఛానెల్లో వచ్చింది. 8 సీజన్లు, 102 ఎపిసోడ్లు. ఉద్యోగం లేనివాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కథ సింపుల్. కాలిఫోర్నియాలో అగ్రెస్టిక్ అనే ఊరు (కల్పితమే). అన్ని ఇళ్లూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. టైటిల్స్‌లో వచ్చే పాట కూడా దాని మీదే. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన డేలీ సిటీలో కొండ మీద వరసగా కట్టిన ఇళ్లను చూసి మాల్వినా రేనాల్డ్స్ 1962లో రాసిన ‘లిటిల్ బాక్సెస్’. పాట నడుస్తుంటే ఒకేలాంటి కార్లు, ఒకేలాంటి కాఫీ కప్పులు, ఒకేలా జాగింగ్ చేసే మనుషులు కనిపిస్తారు. నేనుండే గేటెడ్ కమ్యూనిటీలో సి బ్లాక్ అనుకుని డి బ్లాక్ లిఫ్ట్ ఎక్కిన రోజులున్నాయి కాబట్టి నాకు వెంటనే కనెక్ట్ అయింది.

ఆ ఊళ్లో నాన్సీ బాట్విన్ అనే గృహిణి. చిన్నకొడుకుతో జాగింగ్‌కి వెళ్లిన భర్త గుండెపోటుతో పోతాడు. ఇద్దరు పిల్లలు, పెద్ద ఇల్లు, పనిమనిషి, పెద్ద కారు. ఆదాయం సున్నా. దాంతో చుట్టుపక్కల వాళ్లకి గంజాయి అమ్మడం మొదలుపెడుతుంది. కొనేవాళ్లెవరు? అకౌంటెంట్లు, లాయర్లు, సిటీ కౌన్సిల్ మెంబరు. అందరూ పెద్దమనుషులే. మొదటి ఎపిసోడ్ స్కూల్ పేరెంట్స్ మీటింగ్‌తో మొదలవుతుంది. అక్కడ నాన్సీ గొడవ దేని గురించో తెలుసా? స్కూల్లో తీపి కూల్‌డ్రింకులు అమ్మొద్దని! గంజాయి అమ్మే ఆవిడ షుగర్ గురించి బాధపడుతుంది. నేను ఫ్లాట్ అయిపోయింది అక్కడే.

ఇలాంటి షోలు మనకెందుకు నచ్చుతాయి అంటే, డ్రగ్స్ మీద మోజు అని పెద్దవాళ్లు అనుకుంటారు. నేనైతే ఒప్పుకోను. నేను సిగరెట్ కూడా తాగను. నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆవిడ అమ్మే సరుకు కాదు, ఆవిడ భయం. ఇల్లు పోతుందన్న భయం కన్నా, ఇల్లు పోయిందని పక్కింటివాళ్లకి తెలుస్తుందన్న భయం. అప్పుడు నాన్సీ చేయదగ్గ తెలివైన పని ఒకటుంది. ఇల్లు అమ్మేసి చిన్న ఇంటికి మారడం. అదొక్కటీ తప్ప అన్నీ చేస్తుంది. కామెడీ అంతా అందులోంచే పుడుతుంది. భయం కూడా.

‘బ్రేకింగ్ బ్యాడ్’ మీలో చాలామంది చూసే ఉంటారు. అదీ దీనికి అన్నయ్యలాంటిదే. వయసులో మాత్రం తమ్ముడు, 2008 జనవరిలో వచ్చింది. పిజ్జా ఇంటి కప్పు మీదకెళ్లి పడే సీన్ గుర్తుందా? షూటింగ్ జరిగిన అల్బుకర్కీ ఇంటి మీదకి ఫ్యాన్స్ నిజంగానే పిజ్జాలు విసరడం మొదలుపెట్టారు. అలా చేయొద్దని షో సృష్టికర్త విన్స్ గిల్లిగనే చెప్పాల్సి వచ్చింది. సరే, నేను చెప్పాలనుకున్నది పిజ్జా గురించి కాదు, లెక్క గురించి. రెండో సీజన్ మొదట్లో వాల్టర్ వైట్ నోటి లెక్క వేస్తాడు. ఇంటి అప్పులు 1,37,000 డాలర్లు. ఇంటి ఖర్చు నెలకి 2,000 చొప్పున పదేళ్లకి 2,40,000. ఇద్దరు పిల్లల కాలేజీకి 3,60,000. మొత్తం 7,37,000. అంత సంపాదిస్తే చాలు, ఆపేస్తానంటాడు. చివరికి ఎనిమిది కోట్ల డాలర్లు పీపాల్లో పెట్టి ఎడారిలో పూడ్చిపెడతాడు. ఆ మొదటి లెక్క ఎప్పుడు దాటిపోయిందో గుర్తు కూడా ఉండదు.

నా ఎక్సెల్ షీట్ కూడా అలాంటిదే. చేతిలో 4,60,000. ఫ్లాట్ ఈఎంఐ 38,400, మెయింటెనెన్స్ 3,500, ఇంటికి పంపేది 10,000, నా ఖర్చు 18,000. ఆరున్నర నెలలు వస్తాయి. ఫ్లాట్ డౌన్ పేమెంట్‌లో సగం నాన్న రిటైర్‌మెంట్ డబ్బు. అందుకే నోరు పెగల్లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నాన్సీకి సరుకిచ్చేది హీలియా, కాన్రాడ్ అనే నల్లజాతి వాళ్లు. పని తెలిసినవాళ్లు వాళ్లే. కానీ పెద్ద కారులో చల్లకాఫీ స్ట్రాతో పీలుస్తూ, నవ్వుతూ ఎక్కడికైనా వెళ్లిపోగలిగేది మాత్రం నాన్సీ. తెల్లగా, డబ్బున్నదానిలా కనపడితే ఎవరూ అనుమానించరన్నది ఈ షోలోని అసలు జోకు. అదే కథ మన దగ్గర పెడితే నవ్వు రాదు. 20 కిలోలు దాటిన గంజాయి దొరికితే మన చట్టంలో కనీస శిక్ష పదేళ్లు. ఏజెన్సీ నుంచి బస్తాలు మోసుకొచ్చి దొరికిపోయే పేద కుర్రాళ్లకి ఎనిమిది సీజన్లు ఉండవు, ఒక్క ఎపిసోడే.

మూడో సీజన్ చివర ఊరికి కార్చిచ్చు ముంచుకొస్తుంది. అందరూ పారిపోతుంటే నాన్సీ తన ఇంటికి తనే పెట్రోలు పోసి నిప్పంటిస్తుంది. ఏ ఇంటి కోసం ఇదంతా మొదలైందో ఆ ఇంటికి! అప్పటికే పెద్దకొడుకు వ్యాపారంలో దిగిపోయాడు. ఆ తర్వాత షో మెక్సికో సరిహద్దులంటూ ఎక్కడెక్కడికో పోతుంది. నన్నడిగితే మొదటి మూడు సీజన్లే బెస్ట్. 2012లో వచ్చిన చివరి ఎపిసోడ్‌లో మాత్రం గంజాయి చట్టబద్ధమైపోయి నాన్సీకి షాపుల చెయిన్ ఉంటుంది. నాలుగేళ్లకే కాలిఫోర్నియా ఓటర్లు దాన్ని నిజం చేశారు.

ఇల్లు తగలబడే ఎపిసోడ్ నేను ఒక శుక్రవారం రాత్రి చూశా. మర్నాడు నాన్న ఫోన్. “ఆదివారం అమ్మాయి వాళ్లు వస్తామంటున్నారు. ప్యాకేజీ ఎంతని అడిగారు, చెప్పాను. పేస్లిప్ ఒకటి వాట్సాప్‌లో పెట్టు నాన్నా.”

పాత పేస్లిప్ నా దగ్గరుంది. డేట్ మార్చడం ఫోటోషాప్‌లో రెండు నిమిషాల పని. ల్యాప్‌టాప్ తెరిచాను కూడా. అప్పటిదాకా నా అబద్ధంలో ఇరుక్కున్నది నేనొక్కణ్ణే. ఇప్పుడు నాన్న మాట, ముక్కూమొహం తెలియని ఒకమ్మాయి జీవితం అందులోకి వస్తున్నాయి. మళ్లీ ఫోన్ చేసి చెప్పేశా. ఉద్యోగం పోయింది నాన్నా, రెండు నెలలు దాటింది అని.

అవతల చాలాసేపు ఏం వినపడలేదు. తర్వాత, “ఈ నెల కిస్తీ కట్టావా?” అన్నారు. కట్టానన్నాను. “సరే, వాళ్లకి నేను చెప్తాలే. నువ్వు ఇంటికి రా, మీ అమ్మకి నువ్వే చెప్పుకో.” ఆ సంబంధం పోయింది. అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు. ట్యాగ్ రంగు మారిన సంగతి తనకి మొదటి వారంలోనే తెలుసట. వేరే టీమ్‌లో వేశారేమో అనుకుందట.

ఉద్యోగం నాలుగో నెలలో వచ్చింది, జీతం కాస్త తక్కువకి. ఈలోగా ఊళ్లో హాల్లో కూర్చుని మిగిలిన సీజన్లు చూస్తుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు.

“ఏం సీరియల్ రా ఇది?”

“మొగుడు పోయిన ఒకావిడ ఇల్లు నిలబెట్టుకోడానికి వ్యాపారం చేస్తుంది నాన్నా.”

“పాపం. ఏం వ్యాపారం?”

“ఆకులు అమ్ముతుంది.”

“ఆకుకూరల మీద అంత ఇల్లు మెయింటెయిన్ చేస్తోందా!” అని కళ్లజోడు సవరించుకున్నారు. నేను సబ్‌టైటిల్స్ ఆఫ్ చేశాను.