మెక్సికో ప్రజల బంధుత్వ సంస్కృతి

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు దక్షిణాన ఉన్న విశాల దేశం మెక్సికో. 2020 జనగణన ప్రకారం దాని జనాభా 12 కోట్ల 60 లక్షలు. 1521లో అస్తెకుల రాజధాని తెనోచ్‌తిత్లాన్ స్పానిష్ సైన్యాల వశమైంది. మూడు శతాబ్దాల పరపాలన అనంతరం 1821లో ఆ దేశం స్వాతంత్ర్యం పొందింది. స్పానిష్ అందరి వ్యవహార భాష అయినప్పటికీ, 68 స్థానిక భాషలకు జాతీయ భాషలుగా గుర్తింపు ఉంది. వానిలో ప్రధానమైనది అస్తెకుల భాషయైన నవాత్ల్. మనం నిత్యం పలికే టమాటా, సపోటా అనే మాటలకు మూలం ఆ భాషయే. స్థానిక సంప్రదాయం, స్పానిష్ క్రైస్తవం అనే రెండు ప్రవాహాల కలయికతో రూపొందిన మెక్సికో సమాజానికి బంధుత్వమే ప్రాణం. అక్కడ బంధుత్వం పుట్టుకతో సంక్రమించేది మాత్రమే కాదు, బాధ్యతను స్వీకరించడం ద్వారా సంపాదించుకొనేది కూడా.

మెక్సికన్ల పేరులోనే ఈ భావన కానవస్తుంది. ప్రతి వ్యక్తికీ సాధారణంగా రెండు ఇంటిపేర్లు ఉంటాయి. మొదటిది తండ్రిది, రెండవది తల్లిది. 1990లో నోబెల్ బహుమతి పొందిన కవి ఒక్తావియో పాస్ పూర్తి పేరు ఒక్తావియో పాస్ లొసానో. లొసానో ఆయన తల్లి ఇంటిపేరు. వివాహానంతరం కూడా స్త్రీ తన పుట్టింటి పేర్లనే నిలుపుకొంటుంది. తెలుగులో 'నువ్వు', 'మీరు' ఉన్నట్లే వారి భాషలో 'తూ', 'ఉస్తేద్' అనే సంబోధనలున్నాయి. అనేక కుటుంబాలలో నేటికీ తాతను, అమ్మమ్మను 'ఉస్తేద్' అనియే పిలుస్తారు. భోజనశాలలో అపరిచితుల పక్కగా వెళ్ళేవారు సైతం 'ప్రొవేచో' అని, అనగా ఆరగించినది ఒంటబట్టాలని, శుభం పలికి వెళ్ళడం మర్యాద.

రక్తసంబంధం లేనివారిని బంధువులను చేసే ఆచారం 'కొంపాద్రాస్గో'. శిశువుకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి బాధ్యత వహిస్తారు. ఈ పద్ధతి ఇతర కాథలిక్ దేశాలలోనూ ఉన్నది. అయితే మెక్సికోలో శిశువుతో ఏర్పడే బంధంకంటె పెద్దల నడుమ ఏర్పడే బంధానికే ప్రాముఖ్యం హెచ్చు. ఆనాటినుండి వారు పరస్పరం 'కొంపాద్రె', 'కొమాద్రె' అని పిలుచుకుంటారు. 16వ శతాబ్దంలో అంటువ్యాధులు స్థానిక జనాభాను తుడిచిపెట్టినపుడు, దిక్కులేని పిల్లలకు ఈ బంధం ఆసరాగా నిలిచిందని చరిత్రకారులు భావిస్తారు. బాలికకు 15 ఏళ్ళు నిండినపుడు జరిపే వేడుకలోనూ, వివాహంలోనూ దుస్తులకు ఒకరు, సంగీతానికి ఒకరు, కేకుకు ఒకరు ఇలా 'పద్రీనో'లై వ్యయభారాన్ని పంచుకుంటారు. అయితే ఈ బంధానికి మరొక పార్శ్వమూ ఉన్నది. పేదలు సంపన్నులను కొంపాద్రెలుగా ఎంచుకొని, ఆ కృతజ్ఞతతో వారికి తలవంచవలసి వచ్చిన సందర్భాలు కొల్లలు.

దక్షిణాన ఉన్న వహాకా రాష్ట్రంలో 'గెలాగెత్సా' అనే ఆచారమున్నది. ఒక ఇంట శుభకార్యం జరిగితే ఇరుగుపొరుగువారు మొక్కజొన్నలు, కోళ్ళు, ధనం తెచ్చి ఇస్తారు. ఆ కుటుంబం వాటిని పుస్తకంలో వ్రాసుకొని, ఇచ్చినవారింట కార్యం జరిగినపుడు తిరిగి చెల్లిస్తుంది. దారులు బాగుచేయడం, బడి కట్టడం వంటి పనులకు గ్రామస్థులు కూలి లేకుండా శ్రమించే పద్ధతిని 'తెకియో' అంటారు.

మెక్సికోలో నిత్యాహారం మొక్కజొన్న. సుమారు 9,000 ఏళ్ళ క్రితం దానిని సాగులోకి తెచ్చినది అక్కడి ప్రాచీనులే. గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి, ఆ ముద్దతో 'తోర్తీయా' అనే రొట్టెలు కాలుస్తారు. సున్నం వల్ల గింజలోని నియాసిన్ అనే విటమిన్ శరీరానికి అందుతుంది. ఈ రహస్యం తెలియక మొక్కజొన్నపైనే ఆధారపడిన ఐరోపా పేదలు పెల్లాగ్రా వ్యాధికి గురయ్యారు. మధ్యాహ్నం రెండు గంటల తరువాత చేసేదే ప్రధాన భోజనం. తిన్న వెంటనే లేవక బల్లచుట్టూ కూర్చుని ముచ్చటించుకోవడానికి 'సోబ్రెమేసా' అనే ప్రత్యేక పదమే ఉన్నది.

మరణం కూడా ఈ బంధాన్ని తెంచదని మెక్సికన్ల విశ్వాసం. నవంబరు 1న మరణించిన పిల్లలను, 2న పెద్దలను స్మరిస్తారు. ఇంట వేదిక అమర్చి చిత్రపటాలు, దీపాలు, నీరు, రొట్టె, గతించినవారికి ప్రీతికరమైన వంటకాలు ఉంచుతారు. ఆత్మలకు దారి చూపడానికి బంతిపూల రేకులు చల్లుతారు. మన గుమ్మాలకు తోరణమయ్యే బంతిపూవు పుట్టినిల్లు మెక్సికోయే. 2008లో యునెస్కో ఈ పండుగను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ సమాజంలో లోపాలు లేకపోలేదు. కుటుంబ గౌరవం పేరిట పురుషాధిక్యం చిరకాలం రాజ్యమేలింది. జాతీయ ఎన్నికలలో ఓటుహక్కు స్త్రీలకు 1953లో గాని లభించలేదు. 2024లో క్లౌదియా షేన్‌బామ్ తొలి మహిళా అధ్యక్షురాలైనప్పటికీ స్త్రీలపై హింస తీవ్ర సమస్యగానే ఉన్నది. జీవనోపాధికై లక్షలాది మంది ఉత్తరాదికి వలసపోయారు. 2023లో వలసదారులు స్వదేశానికి పంపిన సొమ్ము 6,000 కోట్ల డాలర్లకు మించింది. కాని సరైన పత్రాలు లేనివారు స్వగ్రామానికి వెళితే తిరిగి రాలేమనే భయంతో కన్నతల్లి అంత్యక్రియలకు సైతం దూరమవుతున్నారు. అట్టివారు పరాయి గడ్డపైనే నవంబరు వేదిక అమర్చి ఆమెకు దీపం పెడతారు.

ఈ విలువలకు గట్టి పరీక్ష 1985 సెప్టెంబరు 19న ఎదురైంది. ఆనాటి భూకంపంలో రాజధాని మెక్సికో నగరంలో వేలాది మంది మరణించారు. ప్రభుత్వ సహాయం ఆలస్యం కాగా సామాన్య పౌరులే శిథిలాలలో దూరి అపరిచితులను కాపాడారు. సరిగ్గా 32 ఏళ్ళకు, 2017లో అదే తేదీన భూమి మళ్ళీ కంపించింది. శిథిలాలపై ఒకరు పిడికిలి పైకెత్తగానే చుట్టూ ఉన్న జనమంతా పిడికిళ్ళెత్తి మౌనం వహించేవారు. లోపల చిక్కుకొన్నవారి ఎలుగు వినబడాలన్నదే వారి తపన. ఆ క్షణాన వారిలో ఎవరూ లోపలివారు తమకేమవుతారని ప్రశ్నించలేదు. ఇతరుల కష్టాన్ని తమ బాధ్యతగా స్వీకరించడమే బంధుత్వమన్నది మెక్సికో జనజీవనం అందించే సందేశం.