'కావలెనని' చేసిన పని

బుద్ధిపూర్వకమైన పనిని తెలుగువారు 'కావలెనని చేసినది' అందురు. ఇచ్ఛార్థకమైన 'కావలెను'పై 'అని' చేరిన రూపమిది. కర్త తనలో తాననుకొన్న మాటయే క్రియకు విశేషణమైనది.

ఒకడు తన మడికి నీరు పాఱించుటకై గట్టు తెంచెను. పొరుగు చేను మునుగునని యెఱుగును. ఆ ముంపును 'తెలిసి చేసినది' అందుము. 'కావలెనని' అనుటకు నోరాడదు. ఆంగ్ల తత్త్వవేత్త ఆన్‌స్కోమ్ 'ఇంటెన్షన్' (1957) గ్రంథమున, విషము కలిసిన నీటిని ఇంటికి తోడు మనిషిని గూర్చి యిట్టి చర్చయే చేసినది.

17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహమున, 24 గుణములలో బుద్ధి, ఇచ్ఛ, ప్రయత్నములను వేఱువేఱుగా లెక్కించెను. నైయాయికుల మతమున జ్ఞానము ఇచ్ఛను, ఇచ్ఛ ప్రయత్నమును పుట్టించును. గట్టు తెంచినవానికి ముంపును గూర్చిన జ్ఞానము కలదు, ఇచ్ఛ లేదు. పొరుగువాడు మాత్రమంతటితో విడువడు. 'తెలిసి తెలిసి చేసితివి' అని నిలదీయును. నింద యంతయు ఆ ఆమ్రేడితముననే యున్నది.