మోసగాళ్ళకు మోసగాడు: ప్లస్సులు, మైనస్సులు

తెలుగులో తొలి కౌబాయ్ సినిమా ఇదే. 1971లో పద్మాలయా బ్యానర్‌పై కృష్ణ తీశారు. కథ ఆరుద్రది. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్‌ది మన ఏర్పేడు పక్కనున్న వెంకటగిరే. ఖర్చు సుమారు 7 లక్షలేనంటారు.

ప్లస్: కథని రాజస్థాన్ ఎడారికి తీసుకెళ్ళారు. ఇసుక, కోటలు, గుర్రాలు ఉంటే వి.ఎస్.ఆర్. స్వామి కెమెరాకి ఇంకేం కావాలి? సినిమా ఖర్చుకి మించి పెద్దగా కనిపిస్తుంది. నాగభూషణం జిత్తులు ఇప్పటికీ నవ్విస్తాయి.

మైనస్: సెర్జియో లియోన్ సినిమాల్లో తుపాకీ పేలేముందు ఆ నిశ్శబ్దమే భయపెడుతుంది. ఇక్కడ టెన్షన్ పెరిగేలోపు పాట వచ్చేస్తుంది. తెల్లదొరల కాలం నాటి మన నిధి కథలోకి ఆ టోపీలు, బూట్లు ఎలా వచ్చాయో కూడా చెప్పరు.

ఈ లోపాలకి డబ్బుతో సంబంధం లేదు. మన గుట్టల్లో ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్ళు ఇది చూడాలి. లొకేషన్ ఫ్రీగానే దొరుకుతుంది, సీన్‌ని కాసేపు మాటల్లేకుండా నడిపే ధైర్యం మాత్రం మనకే ఉండాలి.