పొగ రంగు - టర్బో కారు ఆరోగ్యము

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. మోటారు కారు విషయమున ఈ మాట నిజమే గాని, అది చాలదు. వెనుక గొట్టము నుండి పొగ వెలువడుచున్నపుడు లోపల కాలుచున్నది పెట్రోలా, ఆయిలా, లేక నీరు ఆవిరియై పోవుచున్నదా అని విచారింపవలెను. ఈ విచారణ లేకయే “టర్బో పోయినది” అని తీర్మానించి, వేలకొలది రూపాయలు వెచ్చించి క్రొత్తది బిగించుకొనుట, నెల తిరుగకముందే పొగ మరల కనబడుట కద్దు. దోషము టర్బోలో గాక, మడ్డి పట్టిన ఒక చిన్న గొట్టములో ఉండవచ్చును. దానిని ఎట్లు కనిపెట్టవలెనో వివరించుటకే మేము ఈ విషయమును ఎన్నుకొంటిమి.

టర్బో అనునది, బయటికి పోవు పొగ వేగముతో తిరిగి, ఇంజనులోనికి గాలిని ఒత్తిడితో నెట్టు చక్రము. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి దీనికై 1905లో పేటెంటు పొందెను. మామూలు ప్రయాణపు కార్లలో ఇది మొదట 1962లో అమెరికాలో, ఓల్డ్స్‌మొబీల్, షెవ్రొలే కార్లతో ప్రవేశించెను. నేడు మన రోడ్లపై తిరుగు డీజిలు కార్లలోనే గాక, చిన్న పెట్రోలు కార్లలో సైతము పెక్కింటికి టర్బో ఉన్నది.

మొదట రంగును చూడవలెను. నల్లని పొగ యనిన ఇంధనము ఎక్కువై గాలి చాలలేదని అర్థము. గాలి ఫిల్టరు మూసికొనిపోవుట, టర్బో నుండి ఇంజనుకు పోవు గొట్టము చిరుగుట దీనికి సాధారణ కారణములు. తెల్లని పొగ చలికాలపు ఉదయమున కొద్దిసేపు కనబడి మాయమైనచో అది వట్టి నీటి ఆవిరి, భయపడ నక్కరలేదు. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ ఆగక, తియ్యని వాసన వచ్చుచు, రేడియేటరు నీరు తరుగుచున్నచో నీరు సిలిండరులో చేరుచున్నదని అనుమానించి కారును వెంటనే ఆపవలెను. నీలిరంగు పొగ ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. ఇక్కడనే తొందరపాటు తీర్పులు ఎక్కువ.

నీలిపొగ విషయమున రంగు కన్న వేళ ముఖ్యము. రాత్రియంతయు నిలిచిన కారు ఉదయము స్టార్టు చేయగానే ఒక్కసారి పొగ వదలి ఊరకున్నచో వాల్వు సీళ్లు అరిగినవని అనుమానింపవచ్చును. బరువుతో ఎత్తు ఎక్కునపుడు విడువక వచ్చుచున్నచో పిస్టను రింగులను పరీక్షింపవలెను. కూడలిలో దీపము కొరకు కొన్ని నిమిషములు ఆగి, మరల కదలగానే వెనుక నీలి మేఘము లేచినచో టర్బో నుండి ఆయిలు కారుచున్నదని అనుకొనవచ్చును. కాని ఆయిలు ఏల కారుచున్నది? అసలు ప్రశ్న ఇదియే.

ఎంత క్రొత్త ఇంజనులోనైనను పిస్టను రింగుల సందున కొంత వాయువు క్రిందనున్న క్రాంక్‌కేసులోనికి దిగును. పూర్వము ఈ ఆవిరులను ఒక గొట్టము ద్వారా రోడ్డుమీదికే వదలెడివారు. కాలిఫోర్నియాలో గాలి చెడిపోవుచున్నందున, అక్కడ 1961 నమూనా కార్ల నుండి వీనిని మరల ఇంజనులోనికే పంపి కాల్చు ఏర్పాటు వచ్చెను. టర్బో పెట్రోలు కార్లలో దీనికి సాధారణముగా రెండు దారులుండును. ఇంజను నిదానముగా తిరుగునపుడు మానిఫోల్డులోని పీల్పు ఈ ఆవిరులను లాగుకొనును. టర్బో ఒత్తిడి పెంచునపుడు ఆ దారిలోని వాల్వు మూసికొనగా, ఆవిరులు రెండవ గొట్టము గుండా టర్బో ముందుభాగమునకు పోవును.

టర్బో ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగగలదు. ఆ ఇరుసును మోయునది పలుచని ఆయిలు పొర. పని ముగించిన ఆయిలు తన బరువుచేతనే క్రాంక్‌కేసులోనికి జారవలెను. బ్రీదరు గొట్టములు మడ్డితో మూసికొన్నచో క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరుగును. ఆయిలు క్రిందికి దిగలేక సీళ్లను దాటి పొగగొట్టములోనికో, గాలి గొట్టములోనికో చేరును. ఇట్టి స్థితిలో క్రొత్త టర్బో కూడ పాతదానివలెనే కారును.

పరీక్ష సులభము. కారును ఆరుబయట నిలిపి, ఇంజను వేడెక్కిన పిమ్మట నిదానముగా తిరుగనిచ్చి, ఆయిలు పోయు మూత తీసి, ఆ రంధ్రముపై పలుచని రబ్బరు తొడుగును కప్పవలెను. తొడుగు కొంచెము లోనికి పీల్చుకొన్నచో గాలిదారి బాగున్నది. బుడగవలె ఉబ్బినచో క్రాంక్‌కేసులో ఒత్తిడి ఉన్నది. మూత ఊడిరానంత గట్టిగా పీల్పు ఉన్నను, ఈల శబ్దము వినవచ్చినను వాల్వులోని రబ్బరు పొర చినిగినదని అనుకొనవచ్చును. ఈ పని చేయునపుడు కొంగులు, వదులు చేతులు తిరుగు బెల్టునకు దూరముగా ఉండవలెను. వేడి ఆయిలు చిందకుండ చూచుకొనవలెను.

శుభ్రపరచుట ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే. ఏ గొట్టము ఎక్కడిదో ముందు గుర్తు పెట్టుకొని విప్పవలెను. లోపల మీగడవంటి తెల్లని ముద్దయున్నచో అది నీరు, ఆయిలు కలిసినది. నల్లని బొగ్గువంటిదైనచో మాడిన ఆయిలు. లోహపు భాగములను కిరసనాయిలుతో, రబ్బరు గొట్టములను సబ్బు కలిపిన వేడినీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టవలెను. మెత్తబడినవి, బీటలు వారినవి మార్చివేయవలెను. వాల్వును ఊది చూచినచో గాలి ఒకవైపే పోవలెను. రెండువైపుల పోయినచో అది పనికిరాదు. ఇప్పటి పెక్కు కార్లలో ఇది పైమూతలోనే ఇమిడియున్నందున కడుగుటకు వీలులేదు, మార్చుటయే.

అన్ని కార్లలోను ఈ పని ఇంత తేలిక కాదు. స్వీడన్ దేశపు వోల్వో సంస్థ 1990 దశకమున చేసిన అయిదు సిలిండర్ల టర్బో కార్లలో ఆయిలును వేరుచేయు పెట్టె ఇన్‌టేక్ మానిఫోల్డు క్రింద ఉన్నది. మానిఫోల్డును విప్పి పెట్టెను మార్చుటతో పని తీరదు. ఇంజను దిమ్మెలోని రంధ్రములను కూడ శుభ్రపరచవలెను. అవి మూసికొని యుండగా క్రొత్త పెట్టె వలన ప్రయోజనము శూన్యము.

శుభ్రపరచిన వెంటనే పొగ ఆగకున్నను నిరాశ వలదు. సైలెన్సరులోను, గాలి గొట్టములలోను నిలిచిన ఆయిలు కాలిపోవుటకు కొంత ప్రయాణము కావలెను. ఆ మీదను పొగ తగ్గనిచో కంప్రెషను పరీక్ష చేయించి, టర్బో ఇరుసును చూపింపవలెను. ఇరుసు ప్రక్కలకు కొద్దిగా కదలుట సహజము. చక్రపు రెక్కలు గోడను తాకుట దోషము. డీజిలు కారైనచో ఉపేక్షించుట అపాయకరము. గాలితోపాటు ఆయిలును త్రాగిన ఇంజను, తాళపుచెవి త్రిప్పివేసినను ఆగక, తన్ను తానే ధ్వంసము చేసికొనవచ్చును.

మడ్డికి మూలము మన వాడుకయే. ఇంటినుండి బజారునకు, బజారునుండి ఇంటికి మాత్రమే తిరుగు కారులో ఆయిలు తగినంత వేడెక్కదు. అందలి నీరు ఆవిరియై పోదు. అట్టి కారును అప్పుడప్పుడు దూరప్రయాణమునకు తీసికొనిపోవలెను. ఆయిలును గడువుకు ముందే మార్పింపవలెను. తయారుదారు చెప్పిన రకమునే పోయవలెను. దూరము వేగముగా నడిపిన పిమ్మట ఒక నిమిషము నిదానముగా తిరుగనిచ్చి ఆపుట టర్బోకు మేలు.

తమ కారు పొగ వదలుచున్నపుడు గృహస్థులు మెకానిక్కును మొదట అడుగవలసినది టర్బో వెల కాదు, “బ్రీదరు చూచితివా?” అని. ఆ యొక్క ప్రశ్న పెద్ద ఖర్చును తప్పింపగలదు.