ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల

పాతబస్తీ నుండి మూసీ దాటి ఉత్తరముగా పోయి హుస్సేన్‌సాగరు కట్ట దిగువకు చేరినచో, గాంధీనగరమున ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల కానవచ్చును. మన విద్యార్థులలో పెక్కుమంది దాని ముందునుండి బస్సులో పోయియుందురు గాని, అది యేల పుట్టెనో, ఎట్లు పెరిగెనో ఎరిగినవారు కొలదిమందియే. గుడిలో ప్రసంగించు గురువుగారు ఆ విద్య నెచ్చట నేర్చిరని అడుగు బాలునికి ఈ నాలుగు మాటలు జవాబు కాగలవు.

పూర్వమొక యేర్పాటుండెడిది. తెలుగు దేశమునకు వచ్చిన మిషనరీ సంఘములు ఒకరి పొలమున నొకరు విత్తకుండుటకై జిల్లాలను పంచుకొనిరి. 1842లో హయ్యరు దొరగారు గుంటూరు చేరుటతో అచ్చట లూథరనుల పని మొదలయ్యెను. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములు అమెరికా బాప్తిస్టులవి; కాకినాడకు ఉత్తరమున నున్న తీరము కెనడా బాప్తిస్టులది. మెదకు సీమ వెస్లియనులది. దోర్నకలు ఆంగ్లికనులది, దానికి 1912లో వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున భారతీయుడొకడు బిషప్పగుట అదియే ప్రథమము. కావున ఒక కుటుంబము లూథరనో బాప్తిస్టో తెలిసికొనుటకు వారి విశ్వాసమును పరీక్షింప నక్కరలేదు. వారి తాతగారి గ్రామమేదో అడిగిన చాలును.

ప్రతి సంఘమును తన పాదుర్లకు తానే చదువు చెప్పించుకొనుచుండెను. రాజమహేంద్రవరమున లూథరను పాఠశాల, రామాయపట్నమునను కాకినాడలోను బాప్తిస్టు పాఠశాలలు, దోర్నకలున ఐక్య పాఠశాల నడచుచుండెను. హెబ్రీ, గ్రీకు భాషలు బోధింపగల పండితులు అరుదు, పుస్తకములు వెలగలవి. ఇట్టి స్థితిలో ఒక్కొక్క చోట కొలదిమంది విద్యార్థులకై వేరువేరుగా ఉపాధ్యాయులను, గ్రంథాలయమును పోషించుట ఎంత భారమో ఊహింపవచ్చును.

అయినను కలయుట సులభము కాదు. బాప్తిస్టులు విశ్వసించినవారికి మాత్రమే, అదియు నీట ముంచి, బాప్తిస్మమిత్తురు. లూథరనులు, ఆంగ్లికనులు శిశువులకును ఇత్తురు. ఆంగ్లికనులకు బిషప్పు లేక సంఘము లేదు. బాప్తిస్టు సంఘములు బిషప్పు నెరుగవు. ఇవి చిన్న భేదములని బయటివారు నవ్వవచ్చును గాని, వీనికై కష్టముల నోర్చినవారి సంతతికి అవి చిన్నవి కావు. తన కుమారుడు పరుల బడిలో చదివి తన విశ్వాసమును పోగొట్టుకొనునేమో యని తండ్రి భయపడుట సహజమే.

ఐక్యత మాట మాత్రము చాల కాలమునుండి వినబడుచుండెను. 1919లో తరంగంబాడిలో అజరయ్యగారును ఇతర నాయకులును కూడి సంఘైక్యమునకై పిలుపునిచ్చిరి. దాని ఫలముగా 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆంగ్లికనులు, వెస్లియను మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు అందు చేరిరి. బాప్తిస్టులు, లూథరనులు, హైదరాబాదున పనిచేయు అమెరికా మెథడిస్టులు చేరలేదు. సంఘములు కలియలేని చోట చదువు కలిసినది. ఈ కళాశాల విశేషమంతయు నిందే యున్నదని నా తలంపు.

1964లో రాజమహేంద్రవరమున ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల స్థాపింపబడెను. పైన చెప్పిన నాలుగు చోట్ల సాగిన విద్యయు దీనిలో కలిసినది. పట్టములు శ్రీరాంపూరు సెనేటువి. కేరీ, మార్ష్‌మన్, వార్డుగార్లు 1818లో స్థాపించిన శ్రీరాంపూరు కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు పట్టములిచ్చు అధికార మొసగెను. దేశమందలి పెక్కు వేదాంత కళాశాలలు నేటికిని ఆ అధికారము క్రిందనే పరీక్షలు జరుపుచున్నవి. పరీక్ష అందరికి నొక్కటియే గనుక ఏ సంఘమువారి విద్యార్థికిని పక్షపాతమను అనుమానమునకు తావు లేదు. సంస్కారముల విషయమున మాత్రము ఎవరి ఆచారము వారిది. బాప్తిస్టు విద్యార్థి బాప్తిస్టుగానే తిరిగిపోవును, కాని పొరుగువాని వాదమును వాని నోటనే విని పోవును.

1973లో కళాశాల గోదావరి తీరమును విడిచి హైదరాబాదు చేరెను. ఇచ్చట అధ్యక్షులుగా పనిచేసిన విక్టరు ప్రేమసాగరుగారు పాతనిబంధన పండితులు. తరువాత మెదకు బిషప్పై, 1988లో దక్షిణ ఇండియా సంఘమునకు మోడరేటరైరి. నగరమున గుంటూరు లూథరను, ఒంగోలు బాప్తిస్టు, మెదకు సంఘస్థుడు ఒకే వీధిలో కాపురముందురు. తాతగారి గ్రామము అడిగి లాభములేని చోటిది. అట్టి చోట నేర్చిన పాదిరికి జనుల స్థితి బాగుగ తెలియును. గ్రామ సంఘములవారి మొర వేరు: పట్టణమున చదివినవాడు పల్లెకు మరలి వచ్చునా అని. ఆ మొర అన్యాయమని నేననజాలను. రాష్ట్రము 2014లో విడిపోయినను కళాశాల పేరున ఆంధ్ర శబ్ద మట్లే యుండుట మరియొక చిత్రము.

దీనికి పొరుగు సంస్థ యొకటి గలదు. 1930లో లాహోరున మొదలైన హెన్రీ మార్టిన్ సంస్థ, పలు ఊళ్లు మారి 1971లో హైదరాబాదు చేరెను. ఉరుదూ భాషలో క్రొత్తనిబంధన అనువదించిన మార్టిన్‌గారి పేర వెలసిన యీ సంస్థయు పలు సంఘముల ఉమ్మడి సొత్తే; ఇస్లామును శ్రద్ధతో అభ్యసించుట దాని పని. 1990 నాటి అల్లరుల పిదప దాని పని పుస్తకములు దాటి పాతబస్తీ సందులకు వచ్చినది. సుల్తాన్‌షాహీ ప్రాంతమున హిందూ ముస్లిం స్త్రీలు ఒకే గదిలో కూర్చుండి కుట్టుపని నేర్చుకొనిరి.